తెర మీది గురువూ, చేతిలోని గొట్టమూ

ఇకమీదట జిల్లా దవాఖానాల్లోని యువవైద్యులకు ఎండోస్కోపీ నేర్పటానికి గురువు రానక్కరలేదట. హైదరాబాదులో ఒక గదిలో గురువు కూర్చుంటాడు. నిజామాబాదులో శిష్యుడు రోగి నోట్లోకి గొట్టం దించుతాడు. గొట్టం చివర వున్న కెమెరా చూపేదంతా ఆ క్షణంలోనే గురువు ముందున్న తెర మీద పడుతుంది. "కుడివైపుకు తిప్పు", "కొంచెం వెనక్కి లాగు", "గాలి తగ్గించు" అని ఆయన చెబుతూ వుంటాడు, శిష్యుడు చేస్తూ వుంటాడు. ప్రయాణం లేదు, బస లేదు, భత్యం లేదు. ఒక గురువు ఒకే పూట నాలుగు జిల్లాలకు పాఠం చెప్పెయ్యవచ్చు. దీన్ని విజ్ఞానం పల్లెకు చేరటమని కొందరూ, వైద్యవిద్య ప్రజాస్వామికం కావటమని మరికొందరూ అంటున్నారు. అభ్యుదయవాదులమని చెప్పుకొనే మన మిత్రులు కూడా కొందరు ఈ మాటకు తల వూపటం చూశాను. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసమే.

నేను ఈ విద్య నేర్చుకున్నవాణ్ణి. జిల్లాలో కొందరికి నేర్పినవాణ్ణి కూడా. నా అభిప్రాయం మొదటే చెబుతాను. దూరం నుంచి వచ్చే సలహా, అప్పటికే తయారైన చేతికి ఎంతో మేలు చేస్తుంది. ఇంకా తయారు కాని చేతికి అది గురువు కాజాలదు. ఈ తేడాను కప్పిపుచ్చి తెరనే గురువుగా అమ్ముతున్నవారు, గురువు జీతమూ బస్సు ఖర్చూ మిగుల్చుకొని, నేర్చుకోవటంలో జరిగే నష్టాన్ని బీదవాడి వొంటి మీదికి నెడుతున్నారు.

పెద్దపేగును పరీక్షించే కొలనోస్కోపీని తీసుకుందాం. గొట్టం పొడవు ఇంచుమించు ఒకటిన్నర మీటరు. వైద్యుని ఎడమచేతి బొటనవేలు రెండు చక్రాల మీద వుంటుంది. పెద్ద చక్రం గొట్టం మొనను పైకీ కిందికీ వంచుతుంది, చిన్నది పక్కలకు వంచుతుంది. అదే చేతి వేళ్ళు గాలి, నీరు పంపే మీటల మీదా, పీల్చే మీట మీదా వుండాలి. కుడిచెయ్యి గొట్టాన్ని పట్టుకొని తోస్తుంది, లాగుతుంది, మెలితిప్పుతుంది. ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. అసలు కష్టం పేగులో వుంది. పెద్దపేగు కింది వంపు పొట్టలో స్థిరంగా అతుక్కొని వుండదు, వేలాడుతూ వుంటుంది. గొట్టాన్ని ముందుకు తోస్తే మొన ముందుకు పోవటానికి బదులు, వెనక భాగం ఆ వంపుతో పాటు సాగి చుట్ట పడుతుంది. ఇంకా తోస్తే చుట్ట పెద్దదవుతుంది. పేగు సాగుతుంది. రోగి మూలుగుతాడు. మరీ మొండిగా తోస్తే పేగు చిల్లిపడవచ్చు కూడా.

ఇదంతా జరుగుతున్నప్పుడు తెర మీద యేమి కనబడుతుంది? కదలకుండా నిలిచిపోయిన బొమ్మ; ఒక్కొక్కప్పుడు, ముందుకు తోస్తుంటే వెనక్కి జారుతున్న బొమ్మ. అంతే. కెమెరా గొట్టం మొనన వుంది, చుట్ట దానికి రెండు మూరల వెనక వుంది. ఆ చుట్ట శిష్యుని కుడి అరచేతిలో బరువుగానూ, రోగి ముఖంలో నొప్పిగానూ వుంది కాని తెరలో లేదు. హైదరాబాదులో కూర్చున్న గురువుకు ఈ రెండూ అందవు.

గురువు పక్కన నిలబడి వుంటే ఏం జరుగుతుంది? శిష్యుని భుజం బిగుసుకోవటం ఆయన ముందే చూస్తాడు. రోగి పొట్ట మీద చెయ్యి వేసి ఒత్తుతాడు, లేదా రోగిని పక్కకు తిప్పమని నర్సుకు చెబుతాడు. అప్పటికీ కుదరకపోతే "ఇటివ్వు" అంటాడు. గొట్టం తీసుకొని, మెలితిప్పుతూ వెనక్కి లాగి చుట్ట విప్పి, "ఇప్పుడు పట్టుకో. ఎంత తేలికైందో చూశావా? ఈ తేలిక గుర్తుపెట్టుకో" అని మళ్ళీ శిష్యుని చేతిలో పెడతాడు. ఈ విద్యలో పాఠమంటే అదే. బరువుకూ తేలికకూ వున్న తేడా ఒక చేతిలోనుంచి మరొక చేతిలోకి పోవటం. తెర మీది గురువు "ఆగు" అనగలడు. "ఇటివ్వు" అనలేడు.

గొట్టం పడిన చుట్టను అయస్కాంత తరంగాలతో చూపే పరికరాలు వచ్చాయి కదా అనవచ్చు. వచ్చాయి, మంచివే. అవి చుట్ట ఆకారాన్ని చూపుతాయి, చేతి మీద పడే ఒత్తిడిని చూపవు. శిష్యుని చేతిలోనుంచి గొట్టం తీసుకోనూలేవు. ఆ పరికరం కొనటానికి డబ్బున్న దవాఖానాకు గురువును పిలిపించటానికి డబ్బు ఎందుకు లేదో కూడా చెప్పవలసి వుంటుంది.

బోధన్ ప్రాంతంవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వాళ్ళకు ఇంటి సంగతి. చక్కెర కార్ఖానాలో పాకం వండే పాన్ దగ్గర నిలబడేవాణ్ణి పాన్‌మాన్ అంటారు. ఆవిరి ఒత్తిడి చూపే మీటర్లు వున్నాయి, ఉష్ణమాపకాలు వున్నాయి. అయినా అతడు మధ్యమధ్య పాన్‌లోనుంచి కాస్త పాకం బయటికి తీసి, గాజు పలక మీద పరిచి, వెలుతురుకు పెట్టి పలుకు ఎంత వచ్చిందో చూస్తాడు, వేళ్ళ మధ్య రుద్ది చూస్తాడు. ఎప్పుడు ఆపాలో అతనికి తెలుసు. ఈ తెలివి అతనికి ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇంకొక పాన్‌మాన్ పక్కన సీజను తర్వాత సీజను నిలబడి సంపాదించాడు. 2002లో ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను ప్రైవేటువారి చేతికిచ్చారు. 2015 డిసెంబరులో గేట్లు మూశారు. యంత్రాల విలువ లెక్క వేసినవారు చాలామంది వున్నారు. చెదిరిపోయిన ఆ చేతుల విలువ లెక్క కట్టినవారు నాకు కనబడలేదు. శ్రమజీవి చేతిలోని జ్ఞానాన్ని జ్ఞానంగా గుర్తించని సమాజమే, వైద్యుని చేతిలోని జ్ఞానం కూడా తీగ మీద పంపదగిన సమాచారమేనని తేలికగా నమ్ముతుంది.

ఇది భావుకత అనిపిస్తే, అంకెలు చూద్దాం. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవలోని మూడు ప్రాంతాల్లో జరిగిన 9,223 కొలనోస్కోపీలను పరిశీలించి 2004లో ఒక నివేదిక ప్రకటించారు. గొట్టం పెద్దపేగు చివరిదాకా నిజంగా చేరిందా అని గట్టి ప్రమాణంతో లెక్కిస్తే, చేరినవి 56.9 శాతం మాత్రమే. అంటే సగానికి కాస్త తక్కువ పరీక్షలు చివరిదాకా చేరినట్టు తేలలేదు. ఎందుకు? ఆ నివేదికలోనే జవాబు వుంది. తమ మొదటి వంద పరీక్షలనూ ఒకరి పర్యవేక్షణలో చేసిన వైద్యులు నూటికి 17 మందే. మిగతావారికి ఆ పర్యవేక్షణ పూర్తిగా దొరకలేదు. ఆ దేశం సిగ్గుపడింది. శిక్షణ కేంద్రాలు పెట్టింది. శిష్యులకే కాదు, ఎలా నేర్పాలో గురువులకు కూడా శిక్షణ ఇచ్చింది. 2011లో దేశమంతటా 20,085 పరీక్షలను మళ్ళీ లెక్కించారు. ఈసారి చివరిదాకా చేరినవి 92.3 శాతం. ఈ మధ్యకాలంలో యంత్రాలు కూడా మెరుగుపడ్డాయి, నిజమే. కాని రోగి మంచం పక్కన నేర్పించే పద్ధతి మారకుండా యంత్రం ఒక్కటే ఈ పని చేసిందనటానికి ఎవరూ సాహసించలేదు.

ఎన్ని పరీక్షలు చేస్తే చెయ్యి కుదురుతుంది? శిష్యుని యోగ్యతను అంచనా వెయ్యటానికి ముందే కడుపు పరీక్షలు 130, పెద్దపేగు పరీక్షలు 140 పర్యవేక్షణలో చేసి వుండాలని అమెరికాలోని ఎండోస్కోపీ సంఘం ఒకప్పుడు కనీస ప్రమాణం పెట్టింది. అది కూడా చాలదని తరువాతి పరిశీలనలు తేల్చాయి. రెండు రోజుల కార్యశాలా, ఒక తెరా, ఒక ధ్రువపత్రమూ కలిపితే 140 కావు.

అయితే దూరం నుంచి గురుత్వం అసలే సాధ్యం కాదా? సాధ్యమే. దానికి గొప్ప ఉదాహరణ మన హైదరాబాదు గడ్డ మీదనే వుంది. దాన్ని సరిగా చదవకుండానే చాలామంది వల్లిస్తారు. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న సత్యానికి దారి చూపిన రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. అతని గురువు పాట్రిక్ మాన్సన్ లండన్‌లో వున్నాడు. ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. ఇదిగో దూరవిద్య, అదీ ఓడ మీద పోయే టపాతో! అంటారు మన మిత్రులు.

అంతకు ముందు జరిగింది చూడండి. 1894కు పూర్వం రాస్ ఇండియాలో వుండి, ఫ్రెంచివాడు లావెరాన్ రాసింది చదివి, రోగుల నెత్తురులో ఆ పరాన్నజీవి కోసం వెతికాడు. కనబడలేదు. అసలు అలాంటిది లేదేమోనని కూడా అనుకున్నాడు. 1894లో సెలవు మీద లండన్ పోయినప్పుడు మాన్సన్ అతణ్ణి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, పక్కన నిలబడి, ఇదిగో చూడమని చూపించాడు. ఆ రోజుతో రాస్ కళ్ళు తెరుచుకున్నాయి. తరువాత వచ్చిన ఉత్తరాలన్నీ ఆ తెరుచుకున్న కళ్ళకు వచ్చినవి. ఎదుటి పాఠం ముందు, టపా తరువాత. ఈ వరుసను తలకిందులు చేసి రాస్‌ను సాక్షిగా పిలవటం చరిత్రకు అన్యాయం.

అంతేకాదు. దూరపు గురువు తప్పు చెబితే ఏమవుతుందో కూడా ఆ కథలోనే వుంది. దోమలు నీటిలో చచ్చిపోతే, ఆ నీరు తాగినవాడికి జ్వరం వస్తుందని మాన్సన్ వూహించాడు. ఆ వూహ పట్టుకొని రాస్ సికిందరాబాదులో మనుషులచేత దోమలు చచ్చిన నీళ్ళు తాగించాడు. చివరకు సత్యం బయటపడిన ప్రయోగంలో హుసేన్ ఖాన్ అనే జ్వరరోగి తన వొంటి మీద దోమలను కుట్టనిచ్చాడు. దోమకు ఒక అణా కూలి. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు వచ్చింది. విజ్ఞానం దూరం నుంచి నడిచినా దగ్గర నుంచి నడిచినా, ఒక వొళ్ళు మాత్రం ఎప్పుడూ అక్కడే వుంటుంది. ఆ వొళ్ళు ఎవరిదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు దగ్గరి జవాబు 2022లో వచ్చింది. ఆ ఏడు ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు లాపరోస్కోప్‌తో కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. లాపరోస్కోప్ కూడా ఎండోస్కోప్ కుటుంబంలోదే. పొట్టలోకి దూర్చే కెమెరా గొట్టం. కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. విచారణ ఇన్ఫెక్షన్ వైపు చూపింది. అంతకు ముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర, కొన్ని గంటల్లో 83 మందికి ఇదే రకం శస్త్రచికిత్స చేసినప్పుడు 13 మంది చనిపోయారు. ఆ తరువాతనే, 2016లో, ఇలాంటి శిబిరాలను ఆపాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ రెండు ఘటనలూ దూరశిక్షణ వల్ల జరగలేదు. వాటిని ఆ ఖాతాలో వెయ్యటం నా ఉద్దేశం కాదు. కాని ఆ గదుల్లోని కెమెరా దృశ్యం ఏ మహానగరపు తెర మీద పడి వున్నా, అక్కడి గురువుకు ఏం కనబడేది? గులాబిరంగు పొర, దాని మీద మెరిసే వెలుతురు. ఒక రోగికి వాడిన పరికరాన్ని మరొక రోగికి వాడే ముందు ఎంతసేపు మందునీటిలో ముంచారో కనబడదు. సన్నని గొట్టాలను మరగబెట్టలేము. లోపలి కాలువల్లో బ్రష్షు దూర్చి తోమి, ఆ తరువాత 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు వుంచాలి. బయట ఎనభైమంది బారు తీరినప్పుడు ఆ 20 నిమిషాలు ఎన్నవుతాయో ఊహించుకోవచ్చు. కెమెరా మనిషి లోపలికి చూస్తుంది, గదిలోకి చూడదు. గదిలోకి చూసేది గురువే. తొట్టి దగ్గరకు పోయి "ఇది ఎప్పుడు వేశావు?" అని అడిగేది ఆయనే. మొదటి రోజునే శిష్యునిచేత బ్రష్షు పట్టించని గురువు నా దృష్టిలో సగం గురువు.

నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతికే వేలాది స్త్రీలు ఇలాంటి బల్లల మీదనే పడుకుంటారు. వాళ్ళను ఎవరైనా అడిగారా: "అమ్మా, ఈ డాక్టరు ఇంకా నేర్చుకుంటున్నాడు, నేర్పేవాడు 175 కిలోమీటర్ల దూరంలో వున్నాడు, మధ్యలో తీగ తెగితే ఇతనే దిక్కు" అని? గురువు పక్కన వున్నప్పుడు కూడా శిష్యుని మొదటి ప్రయత్నం రోగి మీదనే జరుగుతుంది, నిజమే. వైద్యవిద్యలో అది తప్పదు. కాని అప్పుడు ఆ రోగికి ఒక పూచీ వుంది. చెయ్యి తడబడితే పట్టుకొనే మరొక చెయ్యి జానెడు దూరంలో వుంది.

ఇక వర్గ ప్రశ్నకు వద్దాం. డాక్టర్ నాగేశ్వర రెడ్డి గారి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వల్ల ఎండోస్కోపీలో హైదరాబాదుకు ప్రపంచఖ్యాతి వచ్చింది. అది న్యాయమైన ఖ్యాతి. దేశదేశాల వైద్యులు విమానాలెక్కి అక్కడికి నేర్చుకోవటానికి వస్తారు. ఎందుకు వస్తారు? తెర చాలేటట్టయితే వాళ్ళు తమ దేశాల్లో కూర్చొనే నేర్చుకోవచ్చునే! వాళ్ళ దగ్గర మనకంటే మంచి తెరలు వున్నాయి, మనకంటే వేగమైన తీగలు వున్నాయి. అయినా వస్తారు, గురువు పక్కన నిలబడటానికి వస్తారు. ఖర్చు భరించగల శిష్యునికి గురువు చెయ్యి. నిజామాబాదు శిష్యునికి గురువు బొమ్మ. దీనికి ప్రజాస్వామ్యమని పేరు పెట్టటం ఎలాంటి హాస్యం?

ప్రభుత్వానికి కూడా ఈ తేడా తెలియకపోలేదు. స్నాతకోత్తర వైద్యవిద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచెయ్యాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. ఆశయం మంచిదే. కాని గమనించండి: పంపింది శిష్యుణ్ణి. గురువును పంపే నిబంధన ఏదీ రాలేదు. 2013లో నిజామాబాదుకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. భవనం వచ్చింది, మంచాలు వచ్చాయి, విద్యార్థులు వచ్చారు. భవనాన్ని ప్రారంభించటానికి నాయకులు బారులు తీరతారు. ఒక గురువు మూడు నెలలు ఇక్కడ బస చెయ్యటాన్ని ప్రారంభించటానికి రిబ్బను ఎక్కడ కట్టాలో వాళ్ళకు తెలియదు.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి చెప్పకుండా వుండలేను. మత్తుమందు క్లోరోఫాం గుండెకు ప్రమాదమా, ఊపిరికి ప్రమాదమా అని హైదరాబాదు వైద్యుడు ఎడ్వర్డ్ లారీకీ లండన్ పండితులకూ వాదం వచ్చింది. దూరం నుంచి వాదించుకుంటే తేలలేదు. 1889లో నిజాం ఖజానా వెయ్యి పౌన్లు ఇచ్చి, లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను హైదరాబాదుకు రప్పించింది. వచ్చి, స్వయంగా చూసి, చేసి తేల్చమంది. (వాళ్ళు తేల్చింది పూర్తిగా నిజం కాదని, గుండెకూ ప్రమాదం వుందని, తరువాతి కాలం రుజువు చేసింది. ఎదురుగా వున్నంత మాత్రాన సత్యం చేతికి వచ్చి వాలదు.) నిజాం ప్రభుత్వాన్ని పొగడటానికి నేను కలం పట్టలేదు, రైతుల నెత్తురు పిండిన ఖజానా అది. కాని పండితుని ప్రయాణపు ఖర్చు ఆ ఫ్యూడల్ ఖజానాకు భారమనిపించలేదు. ఓట్లతో వచ్చిన ఖజానాకు హైదరాబాదు నుంచి నిజామాబాదు బస్సు ఖర్చు భారమవుతోంది.

"అంతా బాగానే వుంది, గురువులు రారు. రానప్పుడు ఏమీ లేనిదానికన్నా తెర నయం కదా?" అని అడిగే మిత్రులున్నారు. వీళ్ళలో నిజాయితీపరులు వున్నారు కనుక జవాబు చెప్పాలి. కాలేయం చెడి, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి పగిలి, నెత్తురు కక్కుకుంటూ బోధన్ నుంచి ఒక మనిషి వస్తాడు. పన్నెండు గంటల లోపల గొట్టం వేసి ఆ నాళానికి రబ్బరు ఉంగరం తొడగాలి. నిజామాబాదుకు పాతిక కిలోమీటర్లు. హైదరాబాదుకు పంపితే దారిలోనే పోవచ్చు. అలాంటి రాత్రి, వందలాది పరీక్షలు చేసిన చెయ్యి ఇక్కడ వుంటే, హైదరాబాదులోని అనుభవజ్ఞుడు తెర మీద చూసి "అది కాదు, దాని కిందిది" అంటే ఒక ప్రాణం నిలవవచ్చు. అక్కడ తెర దేవుడిలాంటిది. ఆ చెయ్యే లేకపోతే? నెత్తురుతో నిండిన గొంతులోకి కొత్తవాడు గొట్టం దించుతుంటే, తెర మీద వున్నదంతా ఎరుపే అయితే, దూరపు గురువు ఏ దిక్కుకు తిప్పమంటాడు? "ఏమీ లేనిదానికన్నా నయం" అన్న మాట బీదవాళ్ళ విషయంలోనే ఎందుకు వినబడుతుందో కూడా ఆలోచించాలి. మంత్రిగారి పేగులోకి గొట్టం వేసే రోజున ఈ మాట ఎవరూ అనరు.

2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలోవారు దూరవైద్య కేంద్రం తెరిచినప్పటి నుంచి తెర మన వైద్యంలో వుంది. సంప్రదింపుకు అది పనికివచ్చింది. న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ఎకో పద్ధతి, వూళ్ళలోని వైద్యులు కాలేయరోగాలకు మందులు ఎలా వాడాలో వారంవారం తెర మీద చర్చించుకొనే ఏర్పాటు, గొప్ప ఫలితాలిచ్చింది. అది బుద్ధికి సంబంధించిన పాఠం. తీగ మీద పోతుంది. కెనడాలో హామిల్టన్ నుంచి మెహ్రాన్ అన్వరీ 2003లో నార్త్ బే అనే దూరపు వూరిలోని రోగులకు యంత్రం ద్వారా శస్త్రచికిత్సలు చేసినప్పుడు, నార్త్ బేలో రోగి పక్కన నిలబడింది కూడా శస్త్రవైద్యులే. కొత్తగా కత్తి పట్టిన పిల్లలు కారు. ప్రతిచోటా తెర వెనుక ఒక తయారైన చెయ్యి వుంది. ప్రకటనల్లో ఆ చేతిని కత్తిరించి తెరను మాత్రం చూపుతారు.

కనుక మనం అడగవలసింది తెర వద్దని కాదు. ఎండోస్కోపీ నేర్పగల గురువు ఏడాదికి ఇన్ని నెలలు జిల్లా కళాశాలలో వుండాలని, ఆ కాలానికి ఆయనకు జీతం, బస, ఆయన సొంత ఆస్పత్రిలో ఆయన పనిచేసే మనిషి ఏర్పాటు చెయ్యాలని. శిష్యుడు కూడా పెద్ద కేంద్రానికి పోయి, వైద్యుడు లేడని తన వార్డు మూతపడకుండా, కొన్ని నెలలు నేర్చుకొని రావాలని. పరికరాలు కడిగే నర్సుకూ సహాయకునికీ అదే శ్రద్ధతో శిక్షణ వుండాలని. ఆ తరువాత తెర పెట్టండి, రాత్రింబవళ్ళు వెలుగుతూ వుంచండి.

ఈ పథకాల మీద నిజామాబాదులోనో బోధన్‌లోనో సభ జరిగినప్పుడు వైద్యవిద్యార్థులూ, అధ్యాపక మిత్రులూ లేచి బడ్జెటు కాగితం చూపమనండి. తెరకు ఎంత, కెమెరాకు ఎంత, తీగకు ఎంత అని వరుసగా చదవమనండి. గురువు ప్రయాణానికీ బసకూ ఎంత అన్న వరుస ఏ పేజీలో వుందో అడగండి. అది లేకపోతే, బోధన్ మనిషి నెత్తురు కక్కుకుంటూ వచ్చిన రాత్రి ఆ గదిలో "ఇటివ్వు" అనేవాడు ఎవరో, అతని పేరూ డ్యూటీ వేళలూ రాసి ఇమ్మనండి.